తలకిందుల పొదుపు: ఉద్దానం ఇళ్ళకు కొన్ని సలహాలు

ఒకటో తారీఖున జాబితా రాసుకోండి. పెద్ద కొట్టుకు వెళ్ళి నెలకు సరిపడా సరుకులు ఒకేసారి తెచ్చుకోండి. అరువు జోలికి పోకండి. కూరగాయల ఖర్చు తగ్గించుకోండి. పొదుపు గురించి ఎవరు చెప్పినా ఈ నాలుగు మాటలే చెప్తారు. ఒకటో తారీఖున జీతం పడే ఇంటికి అవి మంచి మాటలే. మన శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో అలా జీతం పడే ఇళ్ళు ఎన్ని? జీడి ఫ్యాక్టరీలో తొక్క తీసే మనిషికి ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి, చాలాచోట్ల అదీ వారం బట్వాడా రోజునే. వేటకు వెళ్ళే ఇంటికి వల బరువెక్కిన రోజే డబ్బు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. కొబ్బరితోట ఉన్నవాళ్ళకు దింపు దింపుకు వస్తుంది. కొడుకు హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టుబడి పనిలో ఉంటే వాడు పంపినప్పుడు వస్తుంది. ఒకటో తారీఖున తప్పకుండా చేతికందేది ముసలివాళ్ళ పింఛను ఒక్కటే.

అందుకని ఇక్కడ రాసే సలహాలు మీకు తలకిందులుగా కనిపిస్తాయి. కొన్ని చదివి "ఇదేం పొదుపు?" అంటారు. అయినా పూచీపడి చెప్తున్నాను. వీటన్నిటి వెనకా లెక్క ఒకటే. మన ప్రాంతంలో ఒంట్లోంచి కోసి దాచిన డబ్బు ఇంట్లో నిలవదు, ఆస్పత్రికి పోతుంది. కోత పెట్టక తప్పనప్పుడు అది ఎక్కడ పడుతోందో ముందు చూసుకోవాలి.

కూర దగ్గర మిగల్చకండి

చేతిలో డబ్బు తగ్గగానే మొదట కోతపడేది కూరే. పప్పు పలచబడుతుంది, గుడ్డు ఆగిపోతుంది, సంతలో చేపల గంప దగ్గర ఆగకుండా నడిచిపోతాం. ఈ కోత ఇంట్లో అందరికీ సమానంగా పడదు. పనికెళ్ళే మగవాళ్ళకు ముందు పెడతాం, తర్వాత పిల్లలకు, తర్వాత అత్తమామలకు. ఆఖరున గిన్నె దగ్గర కూర్చునే ఆవిడకు అడుగు చారు, ఒక పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్క. నెలాఖరుకు కూరల్లో మూడొందలు మిగిలాయంటే అవి దాదాపుగా ఆవిడ పళ్ళెంలోంచి వచ్చినవే. ఆ మనిషే పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళి చీకటి పడేదాకా వంగి కూర్చుని తొక్క తీయాలి, ఇంటికొచ్చి నీళ్ళు మోయాలి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళాలి. రక్తం తగ్గి, కళ్ళు తిరిగి ఒక వారం పని మానిందంటే ఆ మూడొందలకు మూడింతలు బట్వాడాలో తగ్గుతుంది.

కాబట్టి ఇల్లు నడిపే ఆడమనిషి అందరికంటే ముందు తినాలి. కుదరదంటే అందరితోపాటు కూర్చోవాలి. అదీ కుదరకపోతే కూర దించగానే ఆవిడ వాటా వేరే గిన్నెలో తీసి మూత పెట్టేయాలి. మన ఊళ్ళలో దీన్ని తప్పుగా చూస్తారని తెలుసు. "ఏటే, మొగుడు తినకముందే కూకున్నావు?" అనే పెద్దమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ళు కూడా ఇలా ఆఖరున తినీ తినీ నడుములు వంగిపోయినవాళ్ళే. వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళకూ వడ్డించి తినండి.

కూరకు కోత పెట్టకుండా చవకగా తినే దారి మన నేలే చూపిస్తుంది. ఉద్దానంలో మునగ బాగా వస్తుంది. కాయలు అమ్మేస్తాం, ఆకును ఆషాఢంలో ఒకసారి వండుకుని ఏడాదంతా మర్చిపోతాం. పెసరపప్పులో రెండు గుప్పెళ్ళ లేత మునగాకు వేసి వెల్లుల్లి తాలింపు పెడితే పూటకు వేరే కూర అక్కర్లేదు. వారానికి రెండుసార్లు చేసుకోండి. ఎండు మెత్తళ్ళు గుప్పెడు చాలు, ఆనపకాయ కూర మొత్తానికి రుచి పట్టేస్తుంది. ముల్లుతో సహా తినే చేప కాబట్టి ఎముకలకు కావలసింది అందులోనే దొరుకుతుంది. వేడినీళ్ళలో నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, ఉప్పు వదిలించాకే వండండి. పనసపండు తిన్నాక పిక్కలు పారేయకండి. కడిగి, నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో కప్పిపెడితే కొన్నాళ్ళు నిలవ ఉంటాయి. ఉడకబెట్టి పైపెంకు తీసి, వంకాయతో కలిపి రొయ్యపొట్టు వేసి వండితే పిల్లలు అడిగి మరీ తింటారు. వానాకాలంలో కూరగాయల ధరలు మండిపోయే రోజులకు ఇది అక్కరకొస్తుంది.

డిపో బియ్యం అమ్మకండి, తినండి

రేషన్ డిపో బియ్యం అమ్మేసి సన్నబియ్యం కొనుక్కోవడం తెలివైన పనని చాలామంది నమ్మకం. లెక్క వేద్దాం. నలుగురున్న కార్డుకు మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోలు వస్తాయి. ఆ బియ్యాన్ని ఇంటి ముందుకొచ్చే వ్యాపారికి కిలో 12 రూపాయలకు ఇచ్చి, కొట్టులో కిలో 50కి సన్నబియ్యం కొన్నారనుకోండి. కిలోకు 38 రూపాయలు, 20 కిలోలకు 760 రూపాయలు చేతి నుంచి పడ్డాయి. ఏడాదికి తొమ్మిది వేలు దాటుతుంది. ఈ డబ్బు పోయేది అన్నం మెతుకు సన్నగా కనిపించడం కోసం. పైగా ఆ బియ్యం అమ్మడం, కొనడం చట్టరీత్యా నేరం.

ఇంకో భయం ఉంది. బియ్యంలో అక్కడక్కడా పచ్చగా, నీళ్ళలో తేలుతూ కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి గింజ ఆకారంలో తీసినవి. వంద కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం పెట్టిన గింజను ఆ ఆడవాళ్ళే చేటలో వేసి ఏరి కోళ్ళకు వేస్తుంటే చూడలేకపోతున్నాను. దయచేసి ఏరకండి. బియ్యం పదేపదే పిసికి కడగకండి. గంజి వార్చే అలవాటు ఉంటే ఆ గంజిని పారబోయకుండా కొంచెం ఉప్పు వేసి తాగండి, లేదా సరిపడా నీళ్ళతోనే అత్తెసరు పెట్టండి.

మెతుకు లావుగా ఉంటుందనేది నిజమే. అరగంట నానబెట్టి వండితే మెత్తబడుతుంది. సన్నబియ్యం మీద మనసుంటే ఆదివారానికీ చుట్టాలొచ్చిన రోజుకూ రెండు కిలోలు వేరుగా ఉంచుకోండి. దోసెపిండికి, అట్లకు, చద్దన్నానికి డిపో బియ్యమే బాగుంటుంది. 2025 జూన్ నుంచి ఈ బియ్యం డిపోల దగ్గరే ఇస్తున్నారు, నెలలో 1 నుంచి 15 దాకా. పని మానుకుని వెళ్ళే అవసరం లేకుండా సాయంత్రం కూడా తెరుస్తారు.

నెలకు కొనకండి: వారానికి కొనండి, లేదంటే ఏడాదికి కొనండి

వారం బట్వాడా వచ్చే ఇల్లు నెల సరుకులు ఒకేసారి కొనాలంటే ఎక్కడో అప్పు తేవాలి. తెచ్చినా, డబ్బాలో పోసిన కందిపప్పు పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి ఆటోకి ఇవ్వడానికి పనికిరాదు. చేతిలో నాలుగు రూపాయలు ఉండడం కూడా ఒక సరుకే. సముద్రపు గాలికి ఉప్పు కరుగుతుంది, రవ్వ ముక్కిపోతుంది, పప్పుకు పురుగు పడుతుంది. ఇంట్లో ఐదు లీటర్ల నూనె కనిపిస్తే మూకుట్లో నూనె ఎక్కువే పడుతుంది, అరలీటరే ఉంటే చెయ్యి దానంతట అదే తగ్గుతుంది. బట్వాడా రోజు సాయంత్రం ఇంటికి రాకముందే ఆ వారం పప్పు, నూనె, ఉల్లి, పసుపు, కారం, సబ్బు కొనేయండి. మిగిలిన డబ్బుతో ఇంటికి రండి.

కొన్ని సరుకులకు మాత్రం నెల లెక్కా వద్దు, వారం లెక్కా వద్దు. చింతపండు, ఎండుమిర్చి, పసుపు కొత్తపంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా కొనాలి. కొత్త చింతపండు, కొత్త మిర్చి వేసవి ముందు నుంచే సంతల్లోకి దిగుతాయి. తోటల్లో జీడిపిక్కలు ఏరే పనితో మన చేతుల్లో కాస్త డబ్బాడేది కూడా అప్పుడే. కొండల మీది సవరలు సంతకు తెచ్చే చింతపండు చూడండి. బేరం గట్టిగా ఆడకండి. వాళ్ళ ఇళ్ళు మన ఇళ్ళకంటే ఇరుకు. గింజ తీసి, రెండు ఎండలు కాయనిచ్చి, కొంచెం ఉప్పు కలిపి జాడీలో అదిమిపెడితే మళ్ళీ వేసవి దాకా కొట్టు ముఖం చూడక్కర్లేదు. దీనికోసం ముందు నెలల నుంచి డ్వాక్రా సంఘం పొదుపు పక్కనే ఇంకో చిన్న డబ్బా పెట్టుకోండి. సంఘంలో పదిమందీ కలిసి కొంటే టోకు ధర పడుతుంది. నూనె కూడా అలాగే: పదిమంది కలిసి 15 కిలోల డబ్బా తెచ్చి, తూకం వేసి పంచుకోవచ్చు.

ఉప్పు దగ్గర కక్కుర్తి పడకండి. నౌపడ కల్లాల ఉప్పు ఆవకాయకు, చేపలు ఎండబెట్టడానికి బాగుంటుంది. రోజూ కూరలో వేసేది మాత్రం అయోడిన్ ఉప్పే కావాలి.

కొట్టులో పద్దు మూసేయకండి

అరువు వద్దని అందరూ చెప్తారు. నేను పద్దు ఉండాలంటాను, ఒక్క కొట్టులో మాత్రమే, నిబంధనలతో. వేట నిషేధం రెండు నెలలకు 2025 నుంచి ప్రభుత్వం ఇచ్చే 20,000 రూపాయల భృతి ఉంది, కానీ ఆ డబ్బు ఏ రోజు పడుతుందో ఆకలికి తెలియదు. జీడిపిక్కల ధర పెరిగి సరుకు దొరక్క ఫ్యాక్టరీలు మూసిన వారాలు ఉంటాయి. ఆ వారాల్లో బియ్యం, పప్పు వడ్డీ లేకుండా ఇచ్చేది మన వీధి చివరి కొట్టే. పట్నంలో పెద్ద దుకాణంలో పప్పు కిలోకు మూడు రూపాయలు తక్కువ ఉండొచ్చు, కానీ అక్కడ మన ముఖం ఎవరికీ తెలియదు. వీధి కొట్టుకు ఎక్కువిచ్చే ఆ మూడు రూపాయలు కష్టకాలానికి ముందే కట్టుకుంటున్న బీమా.

ఇంటికొచ్చి అప్పిచ్చి వారం వారం కిస్తీ వసూలు చేసే కంపెనీలకూ, ఈ పద్దుకూ చాలా తేడా ఉంది. కిస్తీ రోజు చేతిలో డబ్బు లేకపోతే ఆ ఇల్లాలు పడే అవమానం ఎలా ఉంటుందో మన రాష్ట్రం చూసింది. ఆ కంపెనీల మీద 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిందంటే అంతకుముందు ఇళ్ళల్లో ఎంత ఏడ్చి ఉంటారో ఆలోచించండి. తిండి సరుకుల కోసం ఆ అప్పు ఎప్పుడూ తీసుకోకండి.

పద్దుకు మాత్రం కట్టు ఉండాలి. డబ్బులున్న వారాల్లో కూడా ఆ కొట్టులోనే కొనండి, నగదుకే. రాసుకునే పుస్తకం కొట్టాయన దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉండాలి. చదువుకునే పిల్ల చేత రోజూ రాయించండి. "రాసెయ్ బావూ" అని వచ్చేయకుండా ధర అడిగి, ఎదురుగా రాయించుకుని రండి. తిండి, సబ్బు, దీపం వరకే పద్దు. బీడీలు, చిప్సు, కూల్‌డ్రింకులు నగదు ఉంటేనే. ఇంట్లో మగవాళ్ళకు ఈ మాట కొట్టాయన చేతే చెప్పించండి, గొడవ తగ్గుతుంది. బట్వాడా రోజున మొదటి డబ్బు పద్దుకే కట్టండి, సగమైనా సరే.

నీళ్ళకు డబ్బు పెట్టండి, బిళ్ళకు పెట్టకండి

ఇది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు తాకని బంధువర్గం ఉందంటే నేను నమ్మను. కారణం ఇదేనని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్ళు, ఎండ, పురుగుమందులు, వంశపారంపర్యం, అన్నిటినీ పరిశీలిస్తున్నారు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకమూ ఆ రోజే ప్రారంభమైంది. ఈ పనుల కోసం ఏళ్ళ తరబడి అడిగిన ఊళ్ళు మనవి. కుళాయి నీళ్ళు సరిగా వస్తున్న వీధిలో ఉంటే అవే తాగండి. రాకపోతే కూర ఖర్చులోంచి కాకుండా, ఫోను రీచార్జి లోంచో, చీర కిస్తీలోంచో తీసి శుద్ధిచేసిన నీళ్ళ క్యాను కొనండి. తాగడానికే కాదు, వంటకు కూడా.

నీళ్ళు మోయడం కష్టమనీ, పని మధ్యలో బయటికి వెళ్ళాల్సి వస్తుందనీ ఆడవాళ్ళు నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. తోటలో పిక్కలు ఏరేవాళ్ళు, ఉప్పు కల్లాల్లో పనిచేసేవాళ్ళు ఎండలో గంటల తరబడి గొంతు తడపరు. ఇది పొదుపు కాదమ్మా. పనికెళ్ళే ప్రతి మనిషి వెంట రెండు లీటర్ల సీసా ఉండాలి, ఇంటికొచ్చేసరికి ఖాళీ అవ్వాలి. వేసవి పొద్దుల్లో చోడి (రాగి) అంబలి పలచగా చేసి తాగి వెళ్ళండి. తిండీ నీళ్ళూ రెండూ కడుపులో పడతాయి.

ఇక బిళ్ళ. నడుం నొప్పనీ, ఒళ్ళు నొప్పులనీ మందుల షాపులో అడిగితే కొన్ని రూపాయలకే రెండు బిళ్ళలిస్తారు. ఒక పూట కూలి పోకుండా కాపాడుతుంది కాబట్టి అదే చవకనిపిస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు అలవాటుగా వాడితే కిడ్నీలకు దెబ్బని డాక్టర్లు మొత్తుకుంటున్నారు, అందులోనూ ఒంట్లో నీళ్ళు తక్కువున్నప్పుడు మరీ. నొప్పి ఉన్న రోజు పని మానేయండి. కూలి పోతుంది, పోనివ్వండి. రెండు రోజులకూ తగ్గకపోతే ప్రభుత్వాస్పత్రికి వెళ్ళి చూపించుకోండి, క్రియాటినిన్ పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. డయాలసిస్ దాకా వెళ్ళిన మనిషి వారానికి సాధారణంగా మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. వైద్యం ఉచితమే, కానీ ఆ మూడు రోజుల కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ళ కూలీ పోతుంది, దారి ఖర్చు ఉంటుంది.

ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే ఈ వ్యాసంలోని వంటల్ని వాళ్ళకు పెట్టే ముందు డాక్టరును అడగండి. ఆకుకూరలు, పప్పులు, ఎండుచేపలు అందరికీ మంచివైనా వాళ్ళకు కొలత ఉంటుంది. కొబ్బరినీళ్ళ సంగతి మరీ ముఖ్యం. చెట్టు మన పెరట్లోదే కదా, చలవ కదా అని తాగించేస్తాం. కిడ్నీలు చెడినవాళ్ళ ఒంట్లో పొటాషియం పేరుకుపోతుంది, కొబ్బరినీళ్ళలో అది ఎక్కువ. ప్రేమతో ఇచ్చిన బొండాం గుండెకే ముప్పు తేవచ్చు.

జీడిపప్పు కొనండి

పలాసలో పిక్క కొట్టి, జీడినూనెకు వేళ్ళు కాలి, తొక్క తీసి, గ్రేడు చేసి దేశమంతటికీ పంపేవాళ్ళ ఇళ్ళల్లో జీడిపప్పు పండక్కి తప్ప కనిపించదు. అది ధనవంతుల తిండని మనమే అనేసుకున్నాం. ఇందులో పొదుపు గ్రేడు ఎంచుకోవడంలో ఉంది. డబ్ల్యూ 240 అంటే ఒక పౌనుకు, అంటే అరకిలోకు కొంచెం తక్కువ తూకానికి, 240 లోపు గుండు పప్పులు తూగుతాయని అర్థం. డబ్ల్యూ 320 అంటే 320 లోపు. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. బద్దలు ఇంకా తక్కువ, ముక్కలు మరీ తక్కువ. రుచిలో, బలంలో తేడా లేదు, చూపుకే తేడా. కూరలో నూరి వేసేదానికి, పిల్లల అంబలిలో పొడి కలిపేదానికి గుండు పప్పు ఎందుకు? పండక్కి పావుకిలో గుండు కొనే డబ్బుతో ముక్క కొనుక్కుని నెలంతా పిల్లలకు రోజుకు చిటికెడు పెట్టండి. మీరు పనిచేసే చోట ముక్క విడిగా అమ్ముతారేమో అడగండి.

పట్నానికి అందరూ వెళ్ళకండి

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. మంచిదే. కానీ బస్సు ఉచితమని ఐదిళ్ళ వాళ్ళూ ఐదు రోజులు కాశీబుగ్గకో టెక్కలికో వెళ్ళొస్తే ఐదు పూటల కూలి, టిఫిను, పిల్లల ఐస్‌క్రీమూ లెక్కలోకి రావు. వంతు వేసుకుని ఒకరు వెళ్ళి ఐదిళ్ళ జాబితా తెండి. వెళ్ళినవాళ్ళు ప్యాకెట్ సైజు చూసి మోసపోకండి. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. దాని పక్కనే అదే ఎత్తు ప్యాకెట్ 850 గ్రాములదో, ఇంకా తక్కువదో ఉంటుంది. గ్రాముకో మిల్లీలీటరుకో ఎంతపడుతుందో ప్యాకెట్ మీద యూనిట్ ధర వేయాలన్న నిబంధన ఉంది. అక్షరాలు చిన్నవి. వెంట చదువుకున్న పిల్లని తీసుకెళ్ళండి.

ఉచిత సిలిండరుకు డబ్బు దాచండి

ఏడాదికి మూడు సిలిండర్ల దీపం పథకం రెండో విడత మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో 2024 నవంబరు 1న మొదలైంది. ముందు మనం కట్టాలి, తర్వాత బ్యాంకులో పడుతుంది. ఆ మొదటి డబ్బు చేతిలో లేకే చాలామంది బుక్ చేయడం ఆలస్యం చేసి గడువు దాటించేసుకుంటున్నారు. ఒక సిలిండరు డబ్బు విడిగా కట్టిపెట్టండి, సబ్సిడీ పడగానే మళ్ళీ అక్కడే పెట్టండి. ఏడాదంతా ఆ డబ్బే తిరుగుతుంది.

పిల్లలకు క్యారేజీ కట్టకండి

ప్రభుత్వ బడికెళ్ళే పిల్లలు బడి భోజనమే తినాలి. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. ఇంటి నుంచి పంపడం పరువనుకోకండి. బాగోలేకపోతే తల్లులు నలుగురూ కలిసి వెళ్ళి వంట చూడండి, హెడ్మాస్టరుతో మాట్లాడండి. మాన్పించడం వల్ల భోజనం బాగుపడదు.

చదివింపుల దగ్గర కొయ్యండి

కోత ఎక్కడ పడాలో చెప్పకుండా పోతే సలహా సగమే. సంవత్సరం ఖర్చు కాగితం మీద పెట్టి చూడండి. పెళ్ళి, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం, పుట్టినరోజు అని వైశాఖ మాసంలో వారానికి రెండు పిలుపులు. ఐదొందలు రాస్తే చిన్నతనం, చీర పెట్టకపోతే ఆడపడుచుకు కోపం. వీటి కోసం బంగారం కుదువపెట్టిన ఇళ్ళు మన కళ్ళముందే ఉన్నాయి. కూరలో పదీ పరకా మిగిల్చి ఆర్నెల్లు దాచింది ఒక్క ముహూర్తంలో పోతుంది.

ఇది ఒక్క ఇల్లు మానితే కుదరదు, పేరు పోతుంది. బంధువర్గంలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకోండి: అన్నిళ్ళకూ ఒకే మొత్తం, అందరూ తూగగలిగింది. చీరలు మానేసి బియ్యమో పప్పో తీసుకెళ్ళే పద్ధతి మన పెద్దవాళ్ళకు ఉండేది. భోజనాల ఇంటికి అది డబ్బుకంటే ఎక్కువ సాయం. మొదట మాట్లాడే మనిషిని పిసినారి అంటారు. కలిగినవాళ్ళు మొదలుపెడితే ఆ మాట రాదు, కాబట్టి మీలో కాస్త కలిగినవాళ్ళు ముందు నోరు తెరవండి. సారా ఖర్చు గురించి వేరే చెప్పాలా? దాన్ని కూడా అదే కాగితం మీద రాయించండి, మగవాళ్ళ చేతే.

దసరా నుంచి నిలవ పెట్టండి

వారానికి వారం కొనమన్నాను కానీ అక్టోబరు, నవంబరు నెలలకు ఆ మాట చెల్లదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో లేచిపోయాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, ట్యాంకులు నిండలేదు. తిండి కంటే ముందు నీళ్ళకే ఇబ్బంది పడ్డాం. దారులు మూసుకుపోయిన ఊళ్ళలో కొట్టుంది, పద్దుంది, సరుకే లేదు.

అందుకని దసరా బట్వాడా నుంచి కొంచెం కొంచెంగా ఒక మూత డబ్బా నింపండి. అటుకులు మూడు కిలోలు, బెల్లం, వేయించిన వేరుశనగపప్పు, పప్పు రెండు కిలోలు, ఉప్పు, చిన్న నూనె ప్యాకెట్, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, టార్చిలైటు బ్యాటరీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఇంట్లో రోజూ మందులు వాడేవాళ్ళుంటే పదిహేను రోజుల మందులు. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులోనే పెట్టండి. తుఫాను హెచ్చరిక రాగానే మూతలున్న పాత్రలన్నిటిలో తాగే నీళ్ళు పట్టేయండి, ఫోన్లు చార్జి చేసుకోండి. డయాలసిస్ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే గాలి మొదలవకముందే పలాసకో టెక్కలికో సోంపేటకో, ఆస్పత్రికి దగ్గరలో ఉన్న చుట్టాలింటికి తీసుకెళ్ళిపోండి. ఆ తర్వాత దారి ఉంటుందో ఉండదో.

ఏ గాలివానా రాకపోతే డిసెంబరు ఆఖరున డబ్బా విప్పండి. అటుకులు, బెల్లం పిల్లలకు పెట్టండి, పప్పు వంటకు తీయండి. ఆ వారం సరుకుల డబ్బు మిగులుతుంది. దాన్ని చింతపండు డబ్బాలో వేయండి.